మూత్రపిండాల వ్యాధిలో మాంసకృత్తుల ఆహారం

మూత్రపిండాల దీర్ఘవ్యాధి ఉన్నవారు కోడిమాంసం, గుడ్లు, చేపలు, పప్పులు, పాలు వంటి మాంసకృత్తులు గల ఆహారాన్ని కొలత ప్రకారం తీసుకోవలసి ఉంటుంది. ఈ కొలత వ్యాధి దశను బట్టి మారుతుంది. డయాలసిస్‌కు ముందు అది మించకూడదు, డయాలసిస్ మొదలైన తరువాత తగ్గకూడదు. ఈ తేడా తెలియక రెండు దశలలోనూ మాంసాన్ని పూర్తిగా మానివేసేవారు ఉన్నారు.

కారణం

మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లాలుగా మారతాయి. శరీరం వాడుకోగా మిగిలిన వాటిలోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. దానిని రక్తం నుండి వడగట్టి మూత్రంలోకి పంపేవి మూత్రపిండాలు. అవి దెబ్బతిన్నప్పుడు యూరియాతో పాటు భాస్వరం, పొటాషియం కూడా రక్తంలో పేరుకుంటాయి.

పరిమాణం

డయాలసిస్ అవసరం రాని, మూడవ దశ నుండి ఐదవ దశ వరకు గల పెద్దలకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తులను కేడిగో అనే అంతర్జాతీయ సంస్థ 2024లో సూచించింది. ఆరోగ్యవంతులకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించినది 0.83 గ్రాములు. కనుక ఇది పస్తు కాదు, మామూలు కొలతే. కొందరికి వైద్యులు ఇంకా తగ్గించి ఇస్తారు, కాని అది వారి పర్యవేక్షణలోనే జరగాలి.

60 కిలోల బరువున్న వ్యక్తికి రోజుకు 48 గ్రాములు కావాలి. 250 గ్రాముల బియ్యం నుండి సుమారు 20, ఒక గ్లాసు పాలు లేదా పెరుగు నుండి 7, 30 గ్రాముల కందిపప్పు నుండి 6 గ్రాములు వస్తాయి. మిగిలిన 15 గ్రాములకు ఎముకలు తీసిన పచ్చి కోడిమాంసం 70 గ్రాములు చాలు. అన్నంలో కూడా మాంసకృత్తులు ఉన్నాయన్న సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

కోడిమాంసం

హైదరాబాదు నుండి శంషాబాదు వెళ్ళే దారిలోని రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. పెరటి పెంపకానికి పనికివచ్చే వనరాజా, గ్రామప్రియ రకాలను ఇక్కడే రూపొందించారు. నాటుకోడి మూత్రపిండాలకు మేలని, బ్రాయిలర్ కోడి కీడని కొందరి నమ్మకం. మాంసకృత్తుల లెక్కలో మాత్రం రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

అసలు చిక్కు పరిమాణంతోనూ, ఉప్పుతోనూ వస్తుంది. శంషాబాదు మీదుగా సాగే 44వ జాతీయ రహదారి పక్కన గాని, 2008లో ప్రారంభమైన విమానాశ్రయంలో గాని బిర్యానీ తినే ప్రయాణికునికి ముక్కల తూకం తెలియదు. రెండు పెద్ద ముక్కలతో రోజు వాటా దాటిపోవచ్చు. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించరాదు. నిల్వ ఉంచే సాసేజి, నగ్గెట్ల వంటి వాటిలో ఫాస్ఫేటు లవణాలు కలిపి ఉండవచ్చు. ఇలా కలిపిన భాస్వరం దాదాపు అంతా రక్తంలోకి చేరుతుంది, పప్పులలోని భాస్వరం అంతగా చేరదు. కార్జంలో భాస్వరం ఎక్కువ. గుడ్డు తెల్లసొనలో మాత్రం భాస్వరం అత్యల్పం, మాంసకృత్తులు సుమారు 3.6 గ్రాములు. సోడియం తగ్గించిన ఉప్పులో పొటాషియం ఉంటుంది కనుక అది ఈ రోగులకు ప్రమాదకరం కావచ్చు.

డయాలసిస్ మొదలైన తరువాత

హీమోడయాలసిస్‌లో ఒక్కో విడతకు కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు పోతాయి. పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌లో మాంసకృత్తులే ప్రతిరోజూ పోతాయి. అందువలన కిలోకు 1.0 నుండి 1.2 గ్రాములు అవసరమవుతాయి. పైన చెప్పిన వ్యక్తికే ఇప్పుడు 60 నుండి 72 గ్రాములు కావాలి. పాత పథ్యాన్నే కొనసాగిస్తే కండరాలు క్షీణించి, రోగనిరోధక శక్తి తగ్గుతుంది. శాకాహారులు పప్పు పెంచితే పొటాషియం కూడా పెరుగుతుంది కనుక, పప్పును ఎక్కువ నీటిలో ఉడికించి ఆ నీటిని వంపివేస్తారు.

రక్తపరీక్షకు కొద్ది గంటల ముందు వండిన మాంసం తింటే క్రియాటినిన్ తాత్కాలికంగా ఎక్కువగా కనిపించవచ్చు.