మీట చివర చక్రం ఎందుకు?

వంటింట్లో ఉప్పు, పంచదార ఒకే రకం డబ్బాల్లో పక్కపక్కనే ఉన్నాయనుకోండి. తెల్లవారుజామున నిద్రమత్తులో అమ్మ కాఫీలో ఉప్పు వేస్తే, తప్పు అమ్మదా? డబ్బాలదా?

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి ఇలాంటి చిక్కే వచ్చింది. బి-17 బాంబరు విమానాలు కొన్ని క్షేమంగా నేలకు దిగి కూడా, రన్‌వే మీద హఠాత్తుగా పొట్టమీద కూలబడేవి. రెక్కల వెనుక అంచున ఫ్లాపులనే పలకలుంటాయి. వాటిని కిందికి వాలిస్తే, వేగం తగ్గినా విమానాన్ని గాలిలో నిలిపే బలం చాలినంత దొరుకుతుంది. దిగాక వాటిని తిరిగి ముడవాలి. పైలట్లు ఫ్లాపులకు బదులు చక్రాలను ముడిచేవారు!

పైలట్ పొరపాటనడం తేలిక. కాని 1943లో ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పైలట్ ముందున్న మీటలను పరిశీలించాడు. చక్రాల మీట, ఫ్లాపుల మీట అచ్చం ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. యుద్ధం చేసి అలసి వచ్చినవాడి చేతికి ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఈ మీటల అమరిక వేరుగా ఉన్న సి-47 రవాణా విమానంలో ఈ పొరపాటు కనబడలేదు మరి.

చపానిస్ చేసిన వైద్యం చూస్తే నవ్వొస్తుంది. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు ఏటవాలు ముక్క తగిలించాడు, అంతే! కన్ను చూడకపోయినా చేయి పోల్చుకుంటుంది. నేటి ప్రయాణికుల విమానాల్లోనూ చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

ఈ రాత్రి కళ్లు మూసుకుని మీ ఇంటి స్విచ్చిబోర్డు తడిమి చూడండి. ఫాను స్విచ్చి ఏదో చెప్పగలరా?