బాల్టిక్ తీరపు రెండు భాషలు

ఈ సంచికను ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుండి తెరిస్తే ఉర్దూ. తెలుగు పుటలలో మేము “అగ్ని”, “ధూమము”, “దంతము” అని వ్రాస్తాము. అవి సంస్కృతం నుండి తెచ్చుకొన్న మాటలు. ఉర్దూ పుటల మిత్రులు “ఆగ్”, “ధువాఁ”, “దాంత్” అని వ్రాస్తారు. అవి ప్రాకృతాల ద్వారా తరతరాల నాలుకలపై అరిగి వచ్చినవి. ఇక్కడికి వేల మైళ్ళ దూరాన, బాల్టిక్ సముద్రతీరాన, లిథువేనియా రైతు వీటినే “ఉగ్నిస్”, “దూమై”, “దంతిస్” అంటాడు. కుమారుడు అతనికి “సూనుస్”. మన కావ్యాలలో “వాయుసూనుడు” అన్న పేరు చదివినవారికి దాని అర్థం వేరుగా చెప్పనక్కరలేదు.

దీనిని చూచి లిథువేనియన్ భాష సంస్కృతం నుండి పుట్టినదని వాదించే ఉత్సాహవంతులు ఉన్నారు. అది పొరపాటు. రెండూ ఇండో-యూరోపియన్ అనే ఒకే మూలభాష సంతతి. దూరపు అక్కచెల్లెళ్ళే గాని తల్లీబిడ్డలు కారు. అయితే ఆ కుటుంబంలో నేడు జీవించి ఉన్న భాషలలో ప్రాచీన రూపాలను లిథువేనియన్ ఎంతో పదిలంగా నిలుపుకొన్నది. సంబోధనతో కలిపి ఏడు విభక్తులు అక్కడి పసిపిల్లల మాటలలో నేటికీ వినిపిస్తాయి.

బాల్టిక్ శాఖలో ఇప్పుడు మిగిలినవి రెండే భాషలు. లిథువేనియన్ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు, లాట్వియన్ మాట్లాడేవారు 15 లక్షలకు పైగా. పొరుగున ఉన్న ఎస్టోనియా భాష ఫిన్నిష్‌కు చుట్టం. తెలుగుకు మరాఠీ పొరుగైనా కుటుంబం వేరైనట్లే.

ప్రాచీనత భాషను కాపాడుతుందని అనుకొనరాదు. ఇదే శాఖకు చెందిన ప్రష్యన్ భాష అంతే ప్రాచీనమైనది. 13వ శతాబ్దంలో జర్మన్ మతయోధులు ఆ నేలను జయించినారు. 16వ శతాబ్దంలో ఆ భాషలో మూడు చిన్న క్రైస్తవ ప్రశ్నోత్తర గ్రంథాలు అచ్చయినవి. 18వ శతాబ్దపు తొలి ఏండ్లలో, మహామారి ఆ దేశాన్ని ఊడ్చిన కాలంలో, ఆ భాష అంతరించినది. దానిని మాట్లాడినవారి పేరును జయించినవారే తమ రాజ్యానికి పెట్టుకొన్నారు.

విచిత్రమేమంటే, ఆ ప్రష్యా గడ్డ మీదనే తరువాత లిథువేనియన్ భాషకు ప్రాణం నిలిచినది. 1863 తిరుగుబాటును అణచిన పిదప, 1864 నుండి రష్యా చక్రవర్తి ప్రభుత్వం లిథువేనియన్ భాషను లాటిన్ లిపిలో అచ్చు వేయడాన్ని నిషేధించినది. భాషను ఎవరూ నిషేధించలేదు, రష్యన్ లిపిలో ముద్రించుకొనండి అన్నారు. ప్రభుత్వమే అటువంటి పుస్తకాలు అచ్చు వేయించి పంచినది. జనులు వాటిని ముట్టలేదు. లిపి మారితే తమ కథోలిక విశ్వాసం, ఆ వెనుక భాష, రెండూ మారిపోతాయని వారికి తోచినది. లిపి అంటే ఉత్త గీతలే కదా అనేవారు ఉంటారు. రెండు లిపులలో వెలువడే ఈ సంచిక పాఠకులు ఆ మాట అనరని మా నమ్మకం.

సరిహద్దుకు ఆవల, జర్మన్ పాలనలోని తూర్పు ప్రష్యాలో, తిల్సిత్ వంటి పట్టణాలలో లిథువేనియన్ పుస్తకాలు అచ్చయ్యేవి. బిషప్ వలన్‌చియుస్ 1875లో మరణించేవరకు ఈ పనికి రహస్యంగా ధనమిచ్చి దారి చూపినాడు. పుస్తకాలను రాత్రివేళ మూటలు కట్టి, గడ్డిబండ్లలో దాచి ఇవతలికి చేర్చినవారిని “క్నీగ్‌నెషియై”, అనగా పుస్తకాలు మోసేవారు, అన్నారు. వారు పండితులు కారు, ఎక్కువమంది పల్లె రైతులు. పట్టుబడితే జరిమానా, చెరసాల, సైబీరియా ప్రవాసం. కొందరు సరిహద్దు భటుల తుపాకులకు బలియైనారు. వారిలో ప్రసిద్ధుడు యుర్గిస్ బియెలినిస్. ఆయన దశాబ్దాలపాటు ఈ పని సాగించి, 1918లో దేశ స్వాతంత్ర్య ప్రకటనకు కొద్ది వారాల ముందు కన్నుమూసినాడు. ఇండ్లలో రహస్యంగా బడులు నడిచినవి. రాట్నం వడుకుతూ పక్కన బిడ్డకు చదువు చెప్పే తల్లిని పెత్రస్ రిమ్‌షా అనే శిల్పి 1906లో మలచినాడు. నలభై ఏండ్ల తరువాత, 1904లో, ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసినది.

లాట్వియాలో లట్గలె ప్రాంతానికి ఈ నిషేధం వర్తించినది. తక్కిన చోట్ల ముద్రణ సాగినది. అక్కడి కథ వేరు. శతాబ్దాలపాటు జర్మన్ జమీందారుల కింద బ్రతికిన ఆ రైతుల సాహిత్యమంతా నోటిపాటలలో, “దైనా”లలో, ఉన్నది. క్రిష్యానిస్ బరోన్స్ అనే పండితుడు ఊరూరి నుండి వచ్చిన పాటలను చిన్న చీటీలపై వ్రాసి, 1880లో మాస్కోలో సొరుగుల బీరువా ఒకటి చేయించి అందులో వర్గీకరించినాడు. 1894 నుండి 1915 వరకు అచ్చయిన ఆ సంపుటాలలో రెండు లక్షల పదిహేడు వేలకు పైగా పాటలు ఉన్నవి.

1940లో రెండు దేశాలూ సోవియట్ యూనియన్‌లో కలిపివేయబడినవి. 1989 ఆగస్టు 23న విల్నియస్ నుండి రీగా మీదుగా తల్లిన్ దాకా, 600 కిలోమీటర్లకు పైగా, జనులు చేయి చేయి పట్టుకొని నిలిచినారు. 1991లో స్వాతంత్ర్యం తిరిగి లభించినది. 2004 నుండి ఈ రెండు భాషలూ యూరోపియన్ యూనియన్ అధికార భాషలు.

బరోన్స్ బీరువా ఇప్పుడు రీగాలోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నది. సొరుగు సొరుగునా సన్నని చీటీలు. ఒక్కొక్క చీటీపై, చాలావరకు నాలుగే పాదాల పాట.