యంత్రం చెప్పే మాటకు అన్వయం

పెళ్ళికి కావలసిన సరంజామా అంతా కొని తెచ్చుకోవడం ఒక ఎత్తు. ముహూర్తం వేళకు అవన్నీ ఒకచోట అమరడం మరొక ఎత్తు. విడిభాగాలు తెచ్చుకుని ఇంట్లోనే కంప్యూటరు కూర్చుకునేవారికి ఈ సంగతి బాగా తెలుసు. పెట్టె వచ్చింది, మదర్‌బోర్డు వచ్చింది, ప్రాసెసరు వచ్చింది. అన్నీ మంచి రకమే. తీరా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించబోతే తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం ప్రత్యక్షమవుతుంది. అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా యంత్రం అక్కడే బిగుసుకు కూర్చుంటుంది. ఏమి ఇస్తే దిగుతుందో ఎవరికీ అంతుపట్టదు.

ఈ అలకలు ఇప్పుడు మన ఇళ్ళలోకీ వచ్చాయి. విండోస్ 10కి కంపెనీవారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రాలలో చాలావాటిని విండోస్ 11 అంగీకరించదు. కాబట్టి కొత్తది కొనడమో, కూర్చుకోవడమో, మరో దారి చూడడమో చేయవలసి వస్తున్నది.

నేను తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి. తీగెలూ చిప్పులూ నా విద్య కాదు. అయితే వాక్యం సంగతి కాస్త తెలుసు. వాక్యానికి అర్థం కుదరాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలన్నారు మన పెద్దలు. ఒక మాట మరొక మాటను కోరాలి. ఆ రెంటికీ పొత్తు కుదరాలి. రెండూ చేరువలో ఉండాలి. ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి కూర్చిన కంప్యూటరు పక్కన మూడు సాయంత్రాలు కూర్చున్నాక, ఈ సూత్రం యంత్రానికీ చెల్లుతుందని నాకు నమ్మకం కుదిరింది.

సన్నిధి

ముందు సన్నిధి. అంటే ప్రతి భాగమూ దాని చోట సరిగ్గా కూర్చుని ఉండడం.

మొదటి సాయంత్రం మీట నొక్కగానే పంకాలు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. మా అమ్మ వచ్చి చూసి, “ఆడపిల్లకి కరెంటు సామాన్లతో చెలగాటమేమిటిరా? ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నదంతా బూడిదలో పోసినట్టేనా?” అంది. అమ్మాయి మొహం చిన్నబోయింది. భాగాలు అమ్మిన అంగడివారికి ఫోను చేస్తే, “బోర్డు పోయి ఉంటుంది సార్, పంపించండి, పదిహేను రోజుల్లో చెబుతాం” అన్నారు.

కానీ యంత్రం అప్పటికే సమాధానం చెబుతున్నది. ఈనాటి బోర్డులు చాలావాటి అంచున నాలుగు చిన్న దీపాలుంటాయి. ప్రాసెసరు, మెమరీ, బొమ్మ చూపే కార్డు, బూట్ అని వాటి పక్కన రాసి ఉంటుంది. ఏ దీపం వెలిగి ఆరకుండా నిలిచిపోతే అక్కడ చిక్కు ఉందన్నమాట. మాకు మెమరీ దీపం నిలిచిపోయింది. డీడీఆర్5 రకం మెమరీ అయితే మొదటిసారి తనను తాను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో కంగారుపడి మీట ఆర్పకూడదు. పావుగంట చూసినా దీపం ఆరలేదు. అమ్మాయి బోర్డుతో వచ్చిన పుస్తకం తెరిచింది. నాలుగు గాడులుండి మెమరీ పలకలు రెండే ఉంటే, ప్రాసెసరు వైపు నుంచి లెక్కించి రెండోదానిలో, నాలుగోదానిలో పెట్టమని ఉంది. ఎక్కువ బోర్డులకు ఇదే పద్ధతి. కరెంటు తీసి, పలకలు మార్చి, టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కింది. బొమ్మ వచ్చింది. పదిహేను రోజుల పని పది నిమిషాల్లో తేలిపోయింది.

తెర నల్లగా ఉన్నప్పుడు చూడవలసినవి మరి రెండున్నాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నవారు తెర తీగెను ఆ కార్డుకే తగిలించాలి, బోర్డుకు కాదు. ప్రాసెసరుకు వేరే కరెంటు తీగె ఒకటి బోర్డు పైమూలన తగిలించవలసి ఉంటుంది; అది మరిచిపోతే పంకాలు తిరుగుతాయిగాని పని మొదలుకాదు.

యోగ్యత

“నిప్పుతో తడిపాడు” అంటే వ్యాకరణం సరిగానే ఉంటుంది, అర్థమే కుదరదు. తడపడానికి నిప్పుకు యోగ్యత లేదు. విండోస్ 11 కూడా యంత్రానికి కొన్ని యోగ్యతలు కోరుతుంది: నాలుగు గిగాబైట్ల మెమరీ, అరవై నాలుగు గిగాబైట్ల చోటు, యూఈఎఫ్ఐ పద్ధతి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు. “ఈ యంత్రం పనికిరాదు” అని తెర మీద కనబడితే వెంటనే దిగులుపడనక్కరలేదు. టీపీఎమ్ చాలా బోర్డులలో ఉండే ఉంటుంది, నిద్రపోతూ ఉంటుంది. ఇంటెల్ బోర్డులలో పీటీటీ అనీ, ఏఎమ్‌డీ బోర్డులలో ఎఫ్‌టీపీఎమ్ అనీ దాని పేరు. బయాస్‌లోకి వెళ్ళి మేల్కొలిపితే సరిపోతుంది.

అసలు గండం రెండో సాయంత్రం వచ్చింది. ఎండాకాలంలో మా పాత కంప్యూటరు కాలిపోయింది. దాని హార్డుడిస్కు మాత్రం బతికి బయటపడింది. అందులో 2009లో మా అమ్మ పాడగా పట్టిన దంపుళ్ళ పాటలూ మంగళహారతులూ, మా నాన్నగారి ఉత్తరాల ఫొటోలూ ఉన్నాయి. అమ్మకిప్పుడు ఆ గొంతు లేదు. వాటికి ప్రతులు తీయాలనే అమ్మాయి ఆ డిస్కును కొత్త పెట్టెలో బిగించింది.

విండోస్ ఏ డిస్కు మీద ఎక్కించాలని అడిగిన చోట, “ఎంచుకున్న డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, జీపీటీ డిస్కు మీదనే ఎక్కించగలను” అనే అర్థంతో వాక్యం వచ్చింది. ఎంబీఆర్ అన్నది డిస్కును గదులుగా విభజించి రాసుకునే పాత పట్టిక. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. మామూలు డిస్కులలో అది రెండు టెరాబైట్లకు మించి లెక్కపెట్టలేదు. జీపీటీ దాని తరవాతి తరం. అంగడివారిని అడిగితే, “ఏముందమ్మా, క్లీన్ కొట్టి జీపీటీకి మార్చెయ్” అన్నారు. అలా చేస్తే దోషం పోతుంది, నిజమే. దానితోబాటు ఆ డిస్కులోని విభాగాలన్నీ చెరిగిపోతాయి.

అమ్మాయి వేళ్ళు మీటల మీద ఉన్నాయి. నాకు తెలిసిన ప్రశ్న ఒక్కటే. “ఆగు తల్లీ. ఎంచుకున్న డిస్కు అన్నాడే, అది దేనికి విశేషణం? ఇక్కడ ఉన్నవి రెండు డిస్కులు కదా?” అన్నాను.

పాతదీ కొత్తదీ రెండూ ఒక టెరాబైటువే. తెర మీద రెండూ 931 గిగాబైట్లనే కనిపిస్తున్నాయి. తయారీదారు లక్ష కోట్ల బైట్లను ఒక టెరాబైటు అంటాడు. విండోస్ 1,07,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. తేడా అక్కడ వచ్చింది. జాబితాలో మొదటి వరుసే ముందుగా ఎంపికై ఉంది. అది పాత డిస్కు! యంత్రం అబద్ధం చెప్పలేదు. పాత డిస్కును గురించి నిజమే చెప్పింది. ఏమీ రాయని కొత్త డిస్కుకు ఆ దోషమే లేదు.

అమ్మాయి మాట్లాడకుండా కంప్యూటరు ఆర్పి, గోడ దగ్గర స్విచ్చి కూడా తీసేసి, పాత డిస్కు తీగెలు రెండూ ఊడదీసింది. మళ్ళీ మొదలుపెడితే జాబితాలో కొత్త డిస్కు ఒక్కటే కనబడింది. జీపీటీ పట్టిక విండోసే స్వయంగా రాసుకుంది.

ఆకాంక్ష

యంత్రం దేన్నో కోరుతుంది. అది అందకపోతే ముందుకు కదలదు. సగం పనయ్యాక యంత్రం తిరిగి లేచి, మళ్ళీ “భాష ఎంచుకోండి” అనే మొదటి పేజీకే వచ్చిందనుకోండి. అది లోపం కాదు. బూట్ వరుసలో పెన్‌డ్రైవు ముందుంది. యంత్రం మొదటిసారి తిరిగి లేచేటప్పుడు దాన్ని తీసేయాలి.

తరవాత అది ఇంటర్నెట్టు అడుగుతుంది. బోర్డు మరీ కొత్తదైతే దాని నెట్‌వర్కు చిప్పును విండోస్ గుర్తుపట్టదు. నెట్టు లేనిదే డ్రైవరు రాదు, డ్రైవరు లేనిదే నెట్టు రాదు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఇదే. మూడో సాయంత్రం మాకు ఇదే ఎదురైంది. అమ్మాయి ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగెతో కలిపి, ఫోనులోని నెట్టును యంత్రానికి ఇచ్చింది. ముడి విడింది. ఈ వీలు లేనివారు బోర్డు కంపెనీవారి డ్రైవరును మరో కంప్యూటరులో పెన్‌డ్రైవు మీదకు దించుకోవచ్చు.

ఆ రాత్రే పాత డిస్కు తిరిగి తగిలించి, పాటలన్నిటికీ రెండు చోట్ల ప్రతులు తీసింది. మా అమ్మ కుర్చీ దగ్గరగా జరుపుకుని విన్నది. “ఇది నా గొంతేనటే?” అని మనవరాలి తల నిమిరింది. కరెంటు సామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

గృహస్థులకు నాలుగు మాటలు

ఎవరింట్లోనైనా ఈ పని తలపెడితే ఇవి గుర్తుంచుకోండి. మొదట, విలువైనవి ఉన్న డిస్కును పని పూర్తయ్యేదాకా పెట్టెలో తగిలించవద్దు. రెండు, తెర మీద వచ్చిన వాక్యాన్ని ఫోనుతో ఫొటో తీసి, తీరికగా రెండుసార్లు చదవండి. అది దేన్ని గురించి చెబుతున్నదో తేలాకనే మందు వేయండి. మూడు, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఏమి మార్చారో నోటుపుస్తకంలో రాసుకోండి. నాలుగు, విండోస్ 11 ఎక్కని పాత యంత్రాన్ని తూకానికి అమ్మేయకండి. ఉబుంటు వంటి లినక్స్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు చక్కగా చూపిస్తుంది. ఉత్తరాలకూ పిల్లల చదువుకూ అది చాలు.

మరొక్క మాట. పిల్లలు ఇటువంటి పని మీద కూర్చున్నప్పుడు, మనకు విద్య రాకపోయినా పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. “ఇది దేన్ని గురించి చెబుతోంది?” అని అడగడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు గదా!