గొంతు పెరిగితే కోపమేనా?

సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే షెడ్డులోకి తొంగిచూస్తే, ఇద్దరు పోట్లాడుకుంటున్నారేమో అనిపిస్తుంది. తీరా వింటే ఒకరు ఇంకొకర్ని ‘అన్నం తిన్నవా?’ అని అడుగుతుంటారు. చుట్టూ చప్పుడుంటే గొంతు దానంతటదే పెరుగుతుంది, మనం అనుకుని పెంచక్కర్లేదు. ఫ్రాన్స్‌కు చెందిన చెవి, గొంతు వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో దీని గురించి రాశారు. ‘లొంబార్డ్ ప్రభావం’ అన్న పేరు అలా వచ్చింది. చెవుడు నటించేవాళ్లు దీంతో దొరికిపోయేవారు. మనిషి చేత ఏదో చదివిస్తూ చెవుల్లో చప్పుడు పెట్టేవారు. నిజంగా వినపడనివాడి గొంతు మారదు, నటించేవాడి గొంతు పెరిగిపోతుంది.

పక్షులదీ ఇదే దారి. బెర్లిన్‌లో వాహనాల రొద ఎక్కువున్న చోట నైటింగేల్ పిట్టలు మరింత గట్టిగా పాడతాయి.

వినికిడి తగ్గినవాళ్లందరూ కేకలేస్తారనుకోవద్దు. లోపలి చెవి గానీ నరం గానీ దెబ్బతిన్నవాళ్లకు తమ మాట తమకే సరిగా వినపడదు, అందుకే గొంతు పెంచుతారు. మధ్యచెవిలో నీరు చేరితే వ్యవహారం తలకిందులు: ఎముకల గుండా వచ్చే సొంత గొంతు పెద్దగా మోగి, మాట మెల్లగా వస్తుంది. మా తాతయ్యది ముక్కుమీద కోపమని ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి నమ్మాం. ఆయనకు వినపడటం లేదని తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈమధ్యే గట్టిగా మాట్లాడుతుంటే, దయచేసి ముందు చెవి పరీక్ష చేయించండి.

ఆరుబయట మాట్లాడేవారికీ వినేవారికీ మధ్య దూరం సగానికి తగ్గితే, ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ పెరిగినట్టే. పెరట్లో ఉన్నవాళ్లను వాకిట్లోంచి కేకేసే బదులు నాలుగడుగులు వేస్తే చాలు, గొంతు తీగలు కూడా బతికిపోతాయి. రోజూ అరిచేవాళ్లకు ఆ తీగల మీద కాయలు కాసినట్టు చిన్న బుడిపెలు లేవొచ్చు.

ఇక అసలు కోపం. గుండె దడదడలాడటం, కండరాలు బిగుసుకోవడం అడ్రినలిన్ పని. శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే దీని మీద పుస్తకం రాశారు. ‘లోపల దాచుకోకు, కసితీరా అరిచెయ్, తగ్గిపోతుంది’ అంటారు చాలామంది. తగ్గదు. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ చేసిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ ఇసుక సంచిని గుద్దినవాళ్లకే అందరికన్నా ఎక్కువ కోపం మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లే నయం. 2024లో ఆయనా మరో పరిశోధకురాలూ 154 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. ఒంట్లో ఉద్రేకం దించేవి, అంటే నెమ్మదిగా ఊపిరి తీయడం, ధ్యానం లాంటివి కోపాన్ని తగ్గించాయి. పరుగు తగ్గించలేదు.

ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. అందుకే నిదానంగా, పొడుగ్గా వదలమంటారు.

కోపమొస్తే కాసేపు ఆగమన్న సలహా పాతదే. రోమ్ చక్రవర్తి అగస్టస్ దగ్గర అథెనొడోరస్ అనే తత్వవేత్త ఉండేవాడు. వయసు మీదపడి ఇంటికి వెళ్లిపోతానని సెలవడిగాడు. వెళ్తూ వెళ్తూ, కోపమొస్తే గ్రీకు అక్షరాలు 24 మనసులో చదువుకున్నాకే నోరు విప్పమని, ఏదైనా చెయ్యమని చెప్పాడట. ప్లూటార్క్ రాసిన ముచ్చట ఇది. ఆ మాట వినగానే చక్రవర్తి ఆయన చెయ్యి పట్టుకుని, నువ్వింకా నాకు కావాలంటూ మరో ఏడాది తన దగ్గరే ఉంచేసుకున్నాడు.