ఇసుక కాపాడింది.. గజం రేటు మింగేసింది!

వైన్ అనగానే మనకి ఫ్రాన్సే గుర్తొస్తుంది. పచ్చటి కొండ వాలు, వరుసగా ద్రాక్ష తీగలు, వెనకాల పాత కోట... సినిమాల్లో చూసిందే కదా! కానీ యూరప్‌కి పడమటి అంచున, అట్లాంటిక్ సముద్రం పక్కన, ఇసుకలో ద్రాక్ష పండించే ఊరొకటుంది. పేరు కొలారెస్. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి దగ్గర్లోనే ఉంటుంది.

ముందే చెప్తున్నా, ఇది ఏ వైన్ తాగాలో చెప్పే కథనం కాదు. ఓ పంట మహా తెగులుని తట్టుకుని బతికి, ఆ తర్వాత తెగులు కాని దానికి ఓడిపోయిన కథ.

తోట ఎక్కడ?

సింట్రా అనే ఊరి నుంచి సముద్రం దాకా 1904 నాటి ట్రామ్ లైన్ ఉంది. కొలారెస్ మీదుగానే వెళ్తుంది. నేనూ దాన్లోనే వెళ్లా. దిగి నడుస్తుంటే తోట ఎక్కడా కనిపించదే! మనకి ద్రాక్ష తోటంటే పందిరి. ఇక్కడ తీగలు దోసపాదులా ఇసుక మీద పాకి ఉన్నాయి. చుట్టూ ఎండు రెల్లు దడులు. అవి లేకపోతే సముద్రపు గాలి ఆకుల్ని చీల్చి పారేస్తుంది. గుత్తులు పెరిగాక ఇసుక వేడికి మాడిపోకుండా చిన్న చిన్న పుల్లలు పెట్టి తీగని కాస్త పైకి లేపుతారు.

ఇక్కడి ఎర్ర ద్రాక్ష రకం పేరు రమిష్కో. చిన్న పండు, మందం తోలు. వేసవిలో కూడా సముద్రం మీంచి చల్లగాలి, పొగమంచు వస్తుంటాయి కాబట్టి పండు నిదానంగా పక్వానికొస్తుంది. తీపి తక్కువ, పులుపు ఎక్కువ. అందుకే వైన్‌లో ఆల్కహాల్ కూడా తక్కువే. కొత్తగా ఉన్నప్పుడు నోరు పట్టేసేంత వగరు. మెత్తబడటానికి ఏళ్లు పడుతుంది. సముద్ర తీరపు వైన్లలో తరచూ కనిపించే గుణం ఇదే: ఎండ తీపి కన్నా గాలి పులుపు ముందు తెలుస్తుంది.

యూరప్‌ని వణికించిన పురుగు

1860ల్లో ఉత్తర అమెరికా మొక్కలతో పాటు ఓ పురుగు యూరప్‌కి దిగింది. పేరు ఫైలోక్సెరా. మన పేనుబంకకి దూరపు చుట్టం. కంటికి కనిపించీ కనిపించనంత ఉంటుంది. నేలలోకి దూరి ద్రాక్ష వేళ్లని పట్టుకుంటుంది. ఫ్రాన్స్‌లో తోటలకు తోటలే ఎండిపోయాయి. పోర్చుగల్‌నీ వదల్లేదు. చివరికి దొరికిన మందు అంటు కట్టడం. ఆ పురుగుని తట్టుకునే అమెరికా మొక్క వేరు మీద యూరప్ తీగని అంటు కట్టారు. ఈ రోజుకీ ప్రపంచంలో ఎక్కువ ద్రాక్ష తోటలు అలాంటి అరువు వేళ్ల మీదే నిలబడ్డాయి.

కొలారెస్‌కి ఆ అవసరం రాలేదు. ఎందుకంటే ఇసుక! వదులుగా జారిపోయే ఇసుకలో ఆ పురుగు దారి చేసుకోలేదు, బతకలేదు. మిగతా చోట్ల తోటలు చస్తుంటే ఇక్కడి వైన్‌కి గిరాకీ పెరిగింది.

అలాగని ఇసుక ఊరికే ఏమీ ఇవ్వలేదు. తీగ వేరు తొక్కాలంటే కింద బంకమట్టి తగలాలి. అది కొన్నిచోట్ల మనిషి లోతు కన్నా కిందే ఉంటుంది. అంత లోతున గొయ్యి తవ్వి, అడుగున తీగ నాటి, అది పెరిగేకొద్దీ ఇసుక పూడుస్తూ రావాలి. గొయ్యి కూలి మీద పడితే? అందుకే పూర్వం కూలీలు తలకి గంప బోర్లించుకుని దిగేవారట. ఇసుక కప్పేసినా, బయటికి లాగేదాకా ఊపిరాడటానికి!

పేరుకి రక్షణ.. మరి నేలకి?

1908లో కొలారెస్‌కి సరిహద్దులు గీశారు. ఫలానా నేలలో పండితేనే ఆ పేరు వాడాలన్నారు. మన బంగినపల్లి మామిడికి జీఐ ట్యాగ్ ఉన్నట్టే అనుకోండి. 1931లో రైతులకి సహకార సంఘం వచ్చింది. దాని వైన్ గిడ్డంగి ఇప్పటికీ నడుస్తోంది.

ఇంత ఉన్నా ఏమైంది? లిస్బన్ పెరిగింది. బీచ్‌కి దగ్గర్లో ఓ ఇల్లుండాలని జనం వచ్చారు. దగ్గర్లోని అజేన్యాస్ దో మార్ గ్రామం ఇన్‌స్టాలో మీ కంటపడే ఉంటుంది, కొండ అంచున తెల్లటి ఇళ్లతో! ఆ అందమే తోటల మీదికొచ్చింది. చేత్తో తవ్వి, తక్కువ దిగుబడి తీసే రైతుకి ఏడాదంతా మిగిలేదెంత? అదే నేలని ఇంటి స్థలంగా అమ్మితే వచ్చేదెంత? ఒకప్పుడు వెయ్యి హెక్టార్లు దాటిన తోటలు ఇప్పుడు కొన్ని పదుల హెక్టార్లకి కుంచించుకుపోయాయి. పురుగు చేయలేని పని గజం రేటు చేసింది.

గ్రీస్‌లోని సాంటొరినీ ద్వీపానిదీ ఇదే గోడు. అక్కడ గాలికి తట్టుకోవాలని తీగని బుట్టలా చుట్టి నేల మీదే పెంచుతారు. ఆ అగ్నిపర్వతపు నేల్లోనూ ఫైలోక్సెరా బతకలేదు. ఇప్పుడు ఆ తోటలు పోటీ పడాల్సింది హోటళ్లతో.

మనకీ ఇది కొత్తేం కాదు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష తోటలు ఎంత పేరుమోశాయో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఆ తోటల్లో చాలావాటి మీద ఇప్పుడు కాలనీలున్నాయి.

కొలారెస్‌లో కథ ఇంకా ముగిసిపోలేదు. ఈ మధ్య కొత్త తరం తయారీదారులు వదిలేసిన ఇసుక నేలల్ని మళ్లీ సాగులోకి తెస్తున్నారు. సొంత వేళ్ల మీద నిలిచిన తీగ అంటే ఇప్పుడు ప్రపంచమంతా మోజు కాబట్టి ధర కూడా పలుకుతోంది. ఆ ధర రైతు దాకా చేరితే తోట నిలుస్తుంది.

నాకు అర్థమైంది ఒక్కటే. ట్యాగ్ ఇస్తే పేరు మిగులుతుంది. పంట మిగలాలంటే మాత్రం నేల అమ్మకుండా బతకగలిగేంత ఆదాయం రైతుకి ఉండాలి. ఈసారి ఏదైనా జీఐ ట్యాగ్ వార్త షేర్ చేసేటప్పుడు, ఆ పంట పండే నేల ఇంకెంత మిగిలిందో కూడా ఓసారి వెతికి చూడండి.