అడ్డపొగ: నొప్పి లేదని వదిలేస్తే ముప్పే.. ఒక్కసారి అంగిలి చూపించండి!

నోట్లో చుట్ట. కానీ నిప్పున్న కొస బయట కాదు, లోపల! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పెద్ద వయసు మహిళల్లో ఈ అలవాటు ఇప్పటికీ కనిపిస్తుంది. దీన్నే స్థానికంగా అడ్డపొగ అంటారు. పన్ను నొప్పి పుడితే ఎవరైనా ఆస్పత్రికి వెళ్తారు. అడ్డపొగ తెచ్చే ముప్పుకు మాత్రం మొదట్లో నొప్పే ఉండదు. చిక్కంతా అక్కడే వస్తోంది.

నిప్పు లోపలికి ఎందుకు?

ఒక చేత్తో పిల్లను ఎత్తుకున్నా, పొలంలో పని చేస్తున్నా చుట్ట ఆరిపోదు. గాలికి నిప్పు రవ్వలు ఎగరవు. ఉమ్మికి ఆకు తడిసి చుట్ట నెమ్మదిగా కాలుతుంది, ఎక్కువసేపు వస్తుంది. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు.. ఇలా ఈ అలవాటు తరాలు దాటింది.

అంగిలికే దెబ్బ

గుట్కా, ఖైనీ వాడేవాళ్లలో క్యాన్సర్ ఎక్కువగా బుగ్గ లోపల, చిగుళ్ల దగ్గర మొదలవుతుంది. అడ్డపొగలో వేడి, పొగ రెండూ నేరుగా నోటి పైకప్పుకు, అంటే అంగిలికి తగులుతాయి. ముందు అంగిలి తెల్లబడి మందంగా మారుతుంది. దానిపై ఎర్రటి చుక్కలు వస్తాయి. తర్వాత ఎర్రటి మచ్చలు, పుండ్లు పడొచ్చు. అన్నీ క్యాన్సర్ కావు. కానీ ఏది అవునో, ఏది కాదో డాక్టర్ చూస్తేనే తెలుస్తుంది. పైగా ఎవరి అంగిలి వాళ్లకు కనపడదు.

50 ఏళ్ల కిందటే తెలిసింది

శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించిన పరిశోధన 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. అప్పటికి విజయనగరం జిల్లా ఇంకా ఏర్పడలేదు, అది 1979లో ఏర్పడింది. ఆ తర్వాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం ఊళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి పొగాకు మానమని చెప్పింది. ఫలితం కనిపించింది. మానేసినవాళ్లు పెరిగారు, నోటి మచ్చలు తగ్గాయి.

మరి ఎక్కడ ఆగుతోంది?

ఊరి దగ్గరి పీహెచ్‌సీలో సాధారణంగా దంత వైద్యులు ఉండరు. సీహెచ్‌సీకో, ఏరియా ఆస్పత్రికో వెళ్లాలి. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నది విజయవాడ, కడపల్లో. క్యాన్సర్ అని తేలితే విశాఖ వెళ్లాల్సిందే. అక్కడ కేజీహెచ్, అగనంపూడిలో హోమీ బాబా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. నొప్పే లేని మచ్చ కోసం ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ పోగొట్టుకుని వెళ్లేదెవరు?

అందుకే ఊళ్లో జరిగే మొదటి పరీక్షే కీలకం. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ కూడా జాతీయ కార్యక్రమంలో భాగమే. దీనికి పెద్ద మెషీన్లు అక్కర్లేదు. ఒక టార్చ్‌లైట్, రెండు నిమిషాలు చాలు. కానీ ప్రశ్నలు అడిగి ఫారం నింపితే సరిపోదు. తల వెనక్కి వంచి, అంగిలిపై లైటు వేసి చూడాలి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

* అమ్మ, నాయనమ్మకు అడ్డపొగ అలవాటుంటే నొప్పి లేకపోయినా ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో చెప్పి నోరు పరీక్ష చేయించండి.
* కట్టుడు పళ్లుంటే తీసేసి చూపించండి. మచ్చ వాటి కింద దాగి ఉండొచ్చు.
* రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్ర మచ్చ, గడ్డ ఉంటే ఆలస్యం చేయకుండా దంత వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు.
* మానాలనుకుంటే జాతీయ టోల్ ఫ్రీ నంబర్ 1800-112-356కు ఫోన్ చేయొచ్చు.

"ఇన్నేళ్లు తాగాను, నాకేం కాలేదు" అని పెద్దావిడ అనొచ్చు. వాదన పెట్టుకోకుండా ఒక్కసారి నోరు తెరవమనండి.