ఓరుగల్లు నుంచి ఓడరేవుకి... బండి మీద!

ఓరుగల్లు కోటకీ, బంగాళాఖాతానికీ మధ్య మూడొందల యాభై కిలోమీటర్లు. ఏడొందల ఎనభై ఏళ్ల కిందట ఆ దారిన ఎడ్లబళ్లు సరుకు మోసేవి. ఇప్పుడు ఓ మోటార్‌సైకిలూ, రెండు రోజుల సెలవూ ఉంటే చాలు!

'వరంగల్‌కి సముద్రం ఎక్కడిది?' అంటారా? ఉండేది. బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో పేరున్న రేవు అది. చీనా, అరబ్బు దేశాల సరుకు అక్కడ దిగేది. మన బట్టలు అక్కడే ఓడ ఎక్కేవి. ఓరుగల్లు కోటలో కీర్తితోరణాల నడుమ నిల్చుని తూర్పు-దక్షిణంగా చూస్తే, కంటికి కనిపించకపోయినా ఆ రాజ్యపు వీధివాకిలి అదే. ఇంటి నుంచి వాకిలిదాకా వెళ్లొద్దాం అనుకున్నాం. అంతే... డిసెంబరు తెల్లవారుజామున ఐదున్నరకి కోట దగ్గర బండి స్టార్ట్‌ చేశాం.

బస్సులోనో, రైల్లోనో వెళ్తే ఈ దారి వాసన తెలీదు. బండి మీద వెళ్తే ముక్కే దారి చెబుతుంది. ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. వరంగల్‌ ఏనుమాముల మార్కెట్‌లో మొదలయ్యే మిర్చి ఘాటు ఖమ్మం మార్కెట్‌ మీదుగా గుంటూరు యార్డు దాకా వదలదు. మూడు పెద్ద మిర్చి మార్కెట్లు ఒకే దారి మీద ఉండటం మరెక్కడా చూడం. పొలాల పక్కన కళ్లాల్లో ఆరబోసిన కాయలు ఎర్ర తివాచీల్లా కనిపిస్తాయి. వరంగల్‌ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా, పొట్టిగా, కారం తక్కువగా, రంగు దండిగా ఉండే రకం అది. పచ్చళ్లు పెట్టే ఇల్లాళ్లకి ఆ పేరు కొత్తేం కాదు.

వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు... తొలి అరవై కిలోమీటర్లూ తాటిచెట్లూ, చెరువు కట్టలూ, మంచు. దారికి కాస్త పక్కగా పాలకుర్తి, బమ్మెర ఉన్నాయి. ఒకటి సోమనాథుడిది, రెండోది పోతనది. ఉదయం ఏడింటికి ముందు చెరువుల మీద పొగమంచు లేచేది చూడాలంటే ఇక్కడ ఆగాలి. మేం ఆగింది మాత్రం చాయ్‌ కోసమే అని ఒప్పుకోవాలి.

'యాడిదాంక పోతున్నరన్నా?' అన్నాడు చాయ్‌ కొట్టు కుర్రాడు. 'మోటుపల్లి తమ్ముడూ' అన్నాం. 'గదెక్కడ?' అని అడిగి, సముద్రం అని చెప్పగానే గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. 'బండి మీదనా!'

దంతాలపల్లి దగ్గర దారి రెండుగా చీలుతుంది. సూటిగా వెళ్తే మరిపెడ, ఖమ్మం. కుడికి తిరిగితే సూర్యాపేట. రెండూ సముద్రానికే వెళ్తాయి. కానీ రెండూ రెండు లోకాలు.

కొండలు, కాలవలు

ఖమ్మం దారి పచ్చటిది. వైరా రిజర్వాయరు గట్టు మీద చేపల వేపుడు వాసన దాటి వెళ్లడం కొంచెం కష్టమే. తల్లాడ మీదుగా తిరువూరు చేరి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే మామిడి తోటలు మొదలవుతాయి. మైలవరం దాటాక కొండపల్లి కొండలు. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే ఊరు ఆ కొండ కిందే. పిల్లలకి ఏనుగు అంబారీ కొన్నారనుకోండి... మిగతా దారంతా అది విరక్కుండా చూసుకోవడం మీ బాధ్యత!

ఇబ్రహీంపట్నం దగ్గర పట్టిసీమ ఎత్తిపోతల నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలుస్తాయి. అక్కడి నుంచి నదిని వదలకుండా విజయవాడలోకి. ప్రకాశం బ్యారేజీ మీద బండి నెమ్మదిగా పోనివ్వండి. 1850ల్లో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో పూర్తయిన కట్టడం అది. ఒకపక్క నిండుగా నీళ్లు, మరోపక్క ఇసుక తిన్నెలు. కిలోమీటరుకి పైగా పొడవున్న ఆ వంతెన దాటితే డెల్టా. ఇక కొండలు ఉండవు.

ఇక్కడా రెండు దారులు. మిర్చి వాసన కావాలంటే మంగళగిరి, గుంటూరు మీదుగా పొన్నూరుకి. నీడ కావాలంటే కాలవ వెంట పసుపు మార్కెట్‌ ఉన్న దుగ్గిరాల, తెనాలి మీదుగా. మా ఓటు కాలవకే. గుంటూరు ట్రాఫిక్‌లో మధ్యాహ్నం చిక్కుకుంటే మిర్చి ఘాటు ఎక్కువో, హారన్ల ఘాటు ఎక్కువో తేల్చుకోలేరు. ఎలా వెళ్లినా బాపట్ల చేరాక గాలి మారుతుంది. ముఖానికి జిగురు తగుల్తుంది. పెదాలు నాలుకతో తడిపితే ఉప్పన! భావనారాయణస్వామి పేరే ఊరి పేరైన బాపట్ల నుంచి సూర్యలంక తీరం పది కిలోమీటర్లు కూడా లేదు. చీరాల మరో పదిహేను కిలోమీటర్ల చిల్లర.

రాళ్లు, శాసనాలు

సూర్యాపేట దారి అలా కాదు. ఇది ఎండ దారి, రాళ్ల దారి. కానీ చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఇదే అసలు దారి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు, నల్లటి రాతి స్తంభాలు. ఓపిక ఉంటే హైదరాబాద్‌ వైపు నకిరేకల్‌ దాకా వెళ్లి చందుపట్ల చూడండి. రుద్రమదేవి శివసాయుజ్యం పొందిందని చెప్పే 1289 నవంబరు నాటి శాసనం దొరికింది అక్కడే. వేయించింది ఏ రాజో కాదు... పువ్వుల ముమ్మడి అనే బంటు. మహారాణి ఎప్పుడు కన్నుమూసిందో మనకి తెలిసింది ఓ సేవకుడి పుణ్యమా అని!

మిర్యాలగూడ దాటాక వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోటు. సంగమం గట్టున అగస్త్యేశ్వరుడి గుడి మెట్ల మీద కూర్చుంటే సిమెంటు లారీల రొద వినిపించదు. వంతెన దాటితే పల్నాడు. సున్నపురాయి ఊరు పిడుగురాళ్ల నుంచి 167ఎ జాతీయ రహదారి. ఈ రోడ్డు గమ్మత్తు ఏంటంటే, నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా పోయి పోయి చీరాల అవతల వాడరేవు దగ్గర సముద్రంలో ఆగుతుంది. 'వాడ' అంటే పాత తెలుగులో ఓడే. తప్పిపోయే ప్రశ్నే లేదు. రోడ్డు అయిపోయిందంటే సముద్రం వచ్చినట్టు. విస్తరణ పనులు సాగే చోట్ల మాత్రం కంకర మీద జాగ్రత్త.

ములుగు, ఏటూరునాగారం, భద్రాచలం మీదుగా మారేడుమిల్లి ఘాట్‌ దిగి కాకినాడకి పోయే అడవి దారి మరొకటుంది. దాని సంగతి వేరే వారం చెప్పుకోవాలి.

భయపడకండి, మేమున్నాం

చీరాలలో రాత్రి ఉండి పొద్దున్నే మోటుపల్లికి బయల్దేరాం. మధ్యలో వేటపాలెం. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఈ ఊళ్లోనే ఉంది. 1929లో గాంధీజీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ ఇక్కడికి వస్తుంటారు. ఆ తర్వాత ఉప్పు కయ్యలు, సరుగుడు తోటలు, ఇసుక.

మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లె. రేవు ఇసుక మేసింది. వీరభద్రుడి గుడిలో ఓ స్తంభం. దాని మీద 1244-45 నాటి గణపతిదేవుడి అభయశాసనం. చేత్తో తడిమితే అక్షరాలు వేళ్లకి తగుల్తాయేమో అనిపిస్తుంది కానీ తాకొద్దు, చూడండి చాలు.

ఏముంది అందులో? అంతకుముందు రాజులు ఓ పద్ధతి పాటించేవారు. తుపానుకి దెబ్బతిని, గాలికి కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, సరుకంతా లాగేసుకునేవారు. ఓడ పోయింది, బతుకు మిగిలింది అనుకుంటూ ఒడ్డెక్కిన వర్తకుడికి అక్కడ రెండో తుపాను! గణపతిదేవుడు అది మానేశాడు. ప్రాణాల కంటే ఎక్కువగా చూసుకునే సొమ్ము అది, మేం ముట్టుకోం, న్యాయమైన సుంకం తప్ప అన్నీ వదిలేస్తాం అని రాతి మీద మాటిచ్చాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు... దేనికెంత సుంకమో కూడా చెక్కించాడు. అధికారి నోటికొచ్చినంత అడిగే వీలు లేకుండా! అన్నట్టు, ఆ జాబితాలో మిరపకాయ లేదు. మనం దారంతా ముక్కు మూసుకుంటూ వచ్చిన ఆ పంట పోర్చుగీసువాళ్ల ఓడల్లో ఈ దేశానికి చేరడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలకి పైగా పట్టింది.

తర్వాత యాభై ఏళ్లకి వెనిస్‌ వర్తకుడు మార్కోపోలో 'ముత్ఫిలి' గురించి రాశాడు. ఆ రాజ్యాన్ని ఓ రాణి న్యాయంగా ఏలిందనీ, అక్కడి బట్ట సాలెగూడంత సన్నమనీ మెచ్చుకున్నాడు. ఆమెని రాజు భార్య అనుకున్నాడు. రుద్రమ గణపతిదేవుడి కూతురు. దూరదేశపోడు, పోనిద్దాం. బట్టల సంగతి మాత్రం తప్పు రాయలేదు. తేలియా రుమాలు పుట్టింది చీరాలలోనే. ఆ నేత పుట్టపాక చేరి నిలబడింది.

ఇదే తీరానికి 2023 డిసెంబరు 5న మిచౌంగ్‌ తుపాను బాపట్ల దగ్గర ఒడ్డు తాకింది. శాసనం చదివాక ఆ సంగతి గుర్తొస్తే స్తంభం పక్కన కాసేపు మాటలు రావు.

సముద్రం చెరువు కాదు!

ఒక మాట గట్టిగా చెప్పాలి. మనం బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లం. చెరువు నీళ్లు మనల్ని వెనక్కి లాగవు. సముద్రం లాగుతుంది. సూర్యలంక, రామాపురం, వాడరేవు తీరాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో లోపలి జిల్లాల నుంచి సరదాగా వచ్చిన కుర్రాళ్లు చాలామంది. మోకాళ్ల లోతు దాటొద్దు. జాలర్లు వద్దన్నచోట అసలే దిగొద్దు. కాళ్ల కింద ఇసుక జారుతోందంటే వెనక్కి రావాల్సిందే.

దారిలో భయం మరోరకం. రోడ్డు మీద సగం దాకా వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. పగలు కనిపిస్తాయి, చీకట్లో కనిపించవు. పత్తి ట్రాక్టర్లకి వెనక దీపాలుండవు. మేం ఓ రాళ్ల వరసని అడుగు దూరంలో తప్పించుకున్నాం. అప్పటికింకా పూర్తిగా తెల్లారలేదు. అందుకే పొద్దెక్కాక బయల్దేరండి, పొద్దుగూకే లోపు చేరండి. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్‌ ఉండాలి. నూరు సీసీ బండికి ఎనిమిది లీటర్ల పెట్రోలు చాలు. కానీ గంటన్నరకోసారి నడుముకి విశ్రాంతి కావాలి. ఒక్కరోజులో వెళ్లి రావాలని మాత్రం పందేలు కట్టొద్దు.

తిరిగొచ్చేటప్పుడు వేటపాలెంలో జీడిపప్పు కొనుక్కోండి. ఇంటికి రాగానే బండి గొలుసూ, చక్రాలూ మంచినీళ్లతో కడిగి నూనె పట్టించండి. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. మేం వారం ఆలస్యం చేశాం. ఆ తుప్పు ఇప్పటికీ కిర్రుమంటూనే ఉంది.